హాలు ఊడ్చే సుభాన్‌బీ

తిరుపతిలో ఒక సినిమాహాల్లో ఆటకీ ఆటకీ మధ్య ఊడ్చేది సుభాన్‌బీ. ఆట నడుస్తున్నంతసేపూ తలుపు దగ్గర నిలబడి, చీపురు మొదలును అరచేతిలో తట్టి పుల్లలు సమం చేసుకుంటూ ఉంటుంది. ఈ వారం సినిమాలో ఒక్కరోజులో వాతావరణం తిరగబడి, సముద్రం నగరాలను మింగేస్తుంది. జనం కేకలు పెడతారు, ఆమె ఆవలిస్తుంది.

"నీకు భయం లేదా అక్కా?" అన్నాడు మేనేజరు మునికుమార్.

"స్వర్ణముఖి పొంగి మా ఇంట్లో నడుముదాకా నీళ్లొచ్చినాయప్పా. అవి దిగేటప్పుడే, ఆ నీళ్లతోనే బురద చిమ్మేసినాను. బురదను ఎండనిచ్చినోళ్లు నెలంతా గడ్డపారతో తవ్వినారు. ఈ సినిమాలోవోళ్లను సూడు, అందరూ పరిగెత్తేవోళ్లే. ఒక్కరి చేతిలోనన్నా చీపురుండాదా?"

తెర మీద ఇంకో అల లేచింది. సుభాన్‌బీ చీపురు మొదలును అరచేతిలో గట్టిగా కొట్టింది.

"రానీ."