నడుముకని చెప్పిన ఇంజక్షన్

నిరుడు వేసవి. అమలాపురంలో మా ఆస్పత్రి యూరాలజీ విభాగం, అంటే మూత్రవ్యాధుల విభాగం, కిటకిటలాడుతోంది. కోనసీమలో నా దగ్గరికి వచ్చేవాళ్లు జబ్బుకి పేరు కూడా వాళ్లే పెట్టుకుని వస్తారు. మూత్రంలో మంటంటే వేడి చేసినట్టే, దానికి మందు కొబ్బరిబొండం. డాక్టరు దగ్గరికి రావడం ఆ తర్వాత సంగతి.

ముక్తేశ్వరం నుంచి గ్రేస్ టీచరుగారిని వాళ్ల అత్తగారు అలాగే తీసుకొచ్చారు. ప్రశ్న కోడలిని అడిగితే జవాబు అత్తగారు చెబుతున్నారు.

"వేడండీ డాక్టరమ్మగారూ. మాటిమాటికీ బాత్రూముకి పరిగెడతందండీ. పూటపూటా బొండాలు పట్టిస్తానే ఉన్నాను."

"అన్ని తాగిస్తే నేనైనా పరిగెడతానమ్మా" అన్నాను. ఆవిడ నవ్వారు. కోడలు నవ్వలేదు.

"పీరియడ్ అయ్యేదాకా క్లాసులో నిలబడలేకపోతున్నానండీ" అంది మెల్లగా.

అప్పటికే యాంటీబయాటిక్స్ వాడేసింది. కల్చర్, అంటే మూత్రంలో క్రిములున్నాయేమో పెంచి చూసే పరీక్ష, చేయిస్తే ఏమీ పెరగలేదు. స్కానింగులో మాత్రం మూత్రాశయం గోడ మందంగా కనిపించింది. సిస్టోస్కోపీ చేశాను. సన్నటి గొట్టానికున్న కెమెరాతో లోపలికి చూడడమన్నమాట. గోడంతా ఎర్రగా పుండులా ఉంది, అక్కడక్కడా రక్తం ఊరుతోంది. ఇలాంటిది అంతకుముందు ఒక్కసారే చూశాను, చదువుకునే రోజుల్లో, మత్తు కోసం కెటమిన్ వాడిన ఓ కుర్రాడిలో. నాకు ఒళ్లంతా హుషారెక్కింది. ముక్తేశ్వరం టీచరుగారికి కెటమినేమిటని నవ్వూ వచ్చింది.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?"

"కాకినాడలో నడుముకి ఇంజక్షన్ చేయిస్తన్నామండీ, ఏడాదిపైనే అయ్యింది" అన్నారు అత్తగారు.

సిస్టోస్కోపీ టేబుల్ మీద కాళ్లు ముడిచి పడుకోమంటే చులాగ్గా పడుకున్న మనిషికి నడుము నొప్పా? "అమ్మా, బయట మంచి బొండం ఒకటి చూసి కొట్టించుకు రండి" అన్నాను. ఆవిడ సంబరంగా వెళ్లారు.

"ఆ ఇంజక్షన్ దేనికి, టీచరుగారూ?"

ఆమె తలుపు వైపు చూసింది. "డిప్రెషన్‌కండీ."

"కెటమినా?"

"ఆయ్."

కుర్చీలోంచి లేచి గంతెయ్యబోయాను. దొరికేసింది! రోగి ఎదురుగా అంత ఆనందపడకూడదు గానీ పడ్డాను.

"మీరు ఆపెయ్యమంటారని చెప్పలేదండీ" అంది. "ఏ మందుకీ తగ్గలేదు. అది మొదలెట్టేకే మంచం దిగేను. ఆపితే మళ్లీ చచ్చిపోవాలనిపిస్తుందేమోనండీ. మంటైతే ఓర్చుకుంటాను."

నా హుషారంతా దిగిపోయింది. కెటమిన్ ఆపరేషన్లకు ఇచ్చే మత్తుమందు. వేరే మందులకు లొంగని డిప్రెషన్‌కు డాక్టర్ల పర్యవేక్షణలో తక్కువ మోతాదులో ఇస్తారు. ఆ మోతాదుకు మూత్రాశయం ఇంతగా దెబ్బతినడం అరుదు. కానీ ఈమె దిగులు తిరిగొస్తుందన్న భయంతో నెలల తరబడి దగ్గరదగ్గరగా ఇంజక్షన్లు చేయించుకుంది. అలాగే సాగితే మూత్రాశయం కుంచించుకుపోతుంది, మళ్లీ సాగదు.

ఆమె ఎదుటే కాకినాడ సైకియాట్రిస్టుకు ఫోన్ చేశాను. "మంట సంగతి నాతో ఎప్పుడూ అనలేదండీ" అన్నారాయన కంగారుగా. వేడి చేసిందని మనసు డాక్టరుకు ఎవరు చెబుతారు? ఆయన కెటమిన్ ఆపి, వేరే చికిత్స మొదలుపెట్టి, వారంవారం పిలిపించుకుని మాట్లాడారు. మూత్రాశయం సంగతి నేను చూసుకున్నాను. మొదట్లో ఆమె ఫోనెత్తడం ఆలస్యమైతే వెంటనే అత్తగారికి చేసేదాన్ని. మెల్లగా మంట తగ్గింది, దిగులూ తిరగబెట్టలేదు. బళ్లు తెరిచాక ఓ సాయంత్రం తనే ఫోన్ చేసి, "పీరియడంతా నిలబడే చెప్పేనండీ" అంది. నేను వార్డులోనే చప్పట్లు కొట్టాను.

ఆ కేసు తర్వాత ఎవరొచ్చినా కాసేపు ఒంటరిగా మాట్లాడకుండా పంపను. ఏ జబ్బుకైనా సరే, ఎక్కడ ఏ మందు వాడుతున్నారో అడుగుతాను. పక్కవాళ్లను బయటికి పంపడానికి బొండం ఇప్పటికీ పనికొస్తోంది.

ఆ అత్తాకోడళ్లు చివరిసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు హాలు నిండా జనం. "మీ కోడలికేంటండీ, వేడా?" అని పక్కావిడ అడగడం నా గదిలోకి వినిపించింది. తలుపులోంచి చూశాను. అత్తగారు కోడలి వైపు తిరిగారు.

"చెప్పండత్తయ్యగారూ" అంది గ్రేస్.

"దిగులు జబ్బండీ. దానికి కాకినాడలో వేసిన మందు మూత్రసంచికి పడలేదు. నలుగురూ ఏవనుకుంటారోనని నడుము నొప్పని చెప్పింది నేనేనండీ" అన్నారావిడ.

పక్కావిడ కాస్త దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది: "కాకినాడలో ఆ దిగులు డాక్టరుగారు ఎక్కడుంటారండీ?"