మామ చెట్టుకు సంబంధం

నా ఉద్యోగం ఏమిటో మా బంధువుల్లో ఎవరికీ ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఫారెస్టు డిపార్ట్‌మెంటు అని కొందరు, నర్సరీ అని కొందరు అనుకుంటారు. మా అమ్మ మాత్రం ఎవరడిగినా "చెట్లకు పెండ్లిండ్లు చేస్తాది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. వ్యవసాయ కాలేజీలో నాలుగేళ్ళు చదివిన నేను అంతకంటే బాగా చెప్పలేను.

ఒక కాగితం కంపెనీకి నీలగిరి చెట్లలో కొత్త సంకరజాతి కావాలి. అది త్వరగా పెరగాలి, నిటారుగా ఉండాలి, కోలారు ఎండకు ఓర్చుకోవాలి. అందుకు మంచి చెట్లు రెండు ఏరి, ఒకదాని పుప్పొడి తీసి ఇంకోదాని పువ్వుకు రాయాలి. ఆ ఏరడం నా పని. రెండు చెట్లూ మంచివైతే చాలదు, ఒకే కుటుంబానివి కాకూడదు. దగ్గరి చుట్టాలను కలిపితే పిల్లచెట్లు చాలావరకు గిడసబారిపోతాయి.

ఈ సంగతి మా ఇంట్లో నోరు విప్పి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఎందుకంటే మా అమ్మమ్మ తన మేనమామనే చేసుకుంది. మా పిన్ని మేనబావను చేసుకుంది. ఇక నేను పుట్టిన రోజునే టేకల్‌లో ఉండే మా మామ, అంటే మా అమ్మకు అన్న, ఉయ్యాల దగ్గర నిలబడి "ఇది మా ఇంటికే" అన్నాడట. అప్పటికి ఆయన కొడుకుకు మూడేళ్ళు. ఆ పిల్లవాడు ఉయ్యాలలోకి తొంగి చూసి ఏడ్చాడని కూడా చెబుతారు, కానీ దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

బావ మంచివాడే. పట్టుపురుగులు పెంచుతాడు. వాటితో మాట్లాడినంత కూడా నాతో మాట్లాడడు. చిన్నప్పుడు ఒకే గిన్నెలో తిని, ఒకరి జుట్టు ఒకరం పీక్కుని పెరిగాం. అతన్ని మొగుడిగా ఊహించుకుంటే ముందు నవ్వొచ్చేది, తర్వాత భయం వేసేది. వద్దని చెప్పాలంటే మామ మొహం గుర్తొచ్చేది. మా ఊరు కేజీఎఫ్‌లో బంగారు గని మూతపడ్డాక మా నాన్న రోజూ తెల్లవారకముందే బెంగుళూరు రైలెక్కి పనికి పోయేవాడు. కాలేజీలో నాకు సీటొచ్చినప్పుడు ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని హాస్టల్ దాకా వచ్చి, నా మంచం గట్టిగా ఉందో లేదో తానే ఒకసారి కూర్చుని చూసుకుని వెళ్ళినవాడు మామ. అలాంటి మనిషి మనసు విరిచేయాలి, లేదా బావను చేసుకోవాలి. నేను ఏదీ తేల్చకుండా మూడేళ్ళు ట్రైనింగు ఉందని, ప్రాజెక్టు ఉందని అబద్ధాలు చెబుతూ గడిపాను.

ఆ చలికాలం మా సారు నన్ను పిలిచి, జిల్లా అంతా తిరిగి పన్నెండు మేలైన చెట్లు ఏరుకుని రమ్మన్నాడు. తిరగడం సంతోషంగానే మొదలుపెట్టాను. క్యాసంబళ్ళిలో పిన్ని ఉంది, బేతమంగళలో అమ్మకు పెద్దమ్మ కూతురు ఉంది, నడుమ ఊళ్ళలో ఎవరో ఒక అత్త ఉంటుంది. అవరెకాయల కాలం, అంటే అనపకాయలు. ఏ ఇంటికి పోయినా రాగిసంగటి, ఆ గింజలు పితికి వండిన పితికిపప్పు. నిజం చెప్పాలంటే, ఎక్కడ భోజనం బాగుంటే అక్కడి చెట్లే నాకు నిటారుగా కనిపించాయి. ఎత్తు కొలిచి, చుట్టుకొలత రాసుకుని, నాలుగు ఆకులు కోసి కవరులో వేసుకుని, మానుకు పసుపు రంగు పట్టీ వేసి వచ్చేదాన్ని.

పన్నెండోది మామ పొలంలోది. అది మాత్రం నా నాలుక ఎంచింది కాదు. నిజంగా గొప్ప చెట్టు, కొమ్మలన్నీ పైకి పోయి మాను నున్నగా ఉంటుంది. పసుపు పట్టీ పడ్డాక మామను పట్టడం ఎవరితరమూ కాలేదు. పాల డెయిరీ దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళందరికీ "మా చెట్టు సెలెక్ట్ అయిండాది" అని చెప్పేవాడట. ఏ పదవికి అని ఒకాయన అడిగితే వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆకుల పరీక్ష రిపోర్టు వచ్చిన రోజు సారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మరీ కాగితం చూపించాడు. చెట్ల మధ్య చుట్టరికం ఎంత దూరమో గీతలతో చూపించే పటం అది. వేరే వేరే కుటుంబాలైతే గీతలు దూరదూరంగా విడిపోవాలి. నా పన్నెండూ ఒకే కట్టగా ఉన్నాయి.

"ఏమ్మా, పన్నెండు చెట్లు తెమ్మంటే ఒకే చెట్టును పన్నెండుసార్లు తెచ్చావే!"

బయటికొచ్చి పిన్నికి ఫోన్ చేశాను. మీ నీలగిరి మొక్కలు ఎక్కడివి అని అడిగాను.

"యాడివేందే? మీ మామ ఇచ్చినాడు. నాకే గాదు, ఆడబిడ్డలందరికీ ఇచ్చినాడు గదా" అంది పిన్ని.

అప్పుడు గుర్తొచ్చింది. మా వైపు ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు సారె పెడతారు కదా. మామ చీరతోపాటు నారు కూడా పెట్టేవాడు. తన పొలంలోని ఆ పెద్దచెట్టు విత్తనాలతో బావి పక్కన మొక్కలు పెంచి, చెల్లెళ్ళకూ వాళ్ళ ఆడబిడ్డలకూ ట్రాక్టరులో వేసి పంపేవాడు. నేను తిండి కోసం చుట్టాలిళ్ళ వెంట తిరిగాను, మామ చెట్టు పిల్లలేమో నాకంటే ముందే అదే దారిలో కాపురాలకు వెళ్ళాయి. మా కుటుంబంలో ఎవరు సంబంధం చూడబోయినా జరిగే పొరపాటే నేనూ చేశాను.

సారు దయగలవాడు. ఆ కట్టలోంచి పెద్దచెట్టు ఒక్కటి ఉంచుకుని, దానికి దూరపు చెట్టు ఒకటి పూతకాలం వచ్చేలోపల వెతకమన్నాడు. ఈసారి చుట్టాలు లేని చోట వెతికాను. చివరికి అది మా కేజీఎఫ్‌లోనే దొరికింది. గని మట్టి గుట్టగా పోసిన సైనైడ్ దిబ్బకు ఎదురుగా, గని కార్మికుల లైను ఇళ్ళలో ఒక ముసలావిడ పెరట్లో ఉంది. దిబ్బ దుమ్ము తింటూ, నీళ్ళు లేకుండా, బల్లెంలా నిలబడి ఉంది. ఆమె భర్త గనిలో పనిచేసిన రోజుల్లో ఏదో దొరల బంగళా తోటలోంచి మొక్కగా పీక్కొచ్చాడట. ఆకుల పరీక్షలో అది మామ చెట్టుకు అన్నిటికంటే దూరం అని తేలింది. పరుగున వెళ్ళి పూలు కోసుకుంటానని అడిగాను.

"ఎవురికి పూలు?"

"టేకల్‌లో ఒక చెట్టుకవ్వా. మీ చెట్టు పుప్పొడి తీసి దానికి రాస్తాం."

ఆమె చీపురు పక్కన పెట్టింది. "అట్లయితే సంబంధమే గదా. మేము మగపెండ్లోళ్ళమా, ఆడపెండ్లోళ్ళమా?"

నీలగిరి పువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయి. అది వివరించే ఓపిక లేక, పుప్పొడి మీది కాబట్టి మగపెళ్ళివారే అన్నాను. అదే నేను చేసిన తప్పు. ఆమె నడుం నిటారైంది.

"సరి. పిల్ల తరపు పెద్దోళ్ళు వచ్చి అడగాల గదమ్మా. నువ్వు సుమ్నే ఊరికే కత్తెర పట్టుకోని వస్తే ఎట్ల?"

నవ్వులాటకు అంటోంది అనుకున్నాను. మర్నాడు వెళితే తలుపు తీయలేదు. మొగ్గలు విచ్చుకోకముందే కోయాలి, అవేమో వారంలో విచ్చుకుంటాయి.

దిక్కులేక మామకు చెప్పాను. చెట్టుకు సంబంధం కుదిరిందనగానే పొంగిపోయాడు కానీ, "మనమా ఆడపెండ్లోళ్ళు?" అని కుర్చీలోంచి లేచాడు. ఉన్నది ఒక్క కొడుకు కాబట్టి, జీవితంలో ఒకరి గుమ్మం ముందు నిలబడి అడగాల్సి వస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. అయినా మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ పంచె కట్టి, పళ్ళెంలో ఆకువక్క, కొబ్బరికాయ, అరటిపళ్ళు సర్దుకుని నా స్కూటర్ వెనక కూర్చున్నాడు.

ముసలావిడ మర్యాదగా కాఫీ ఇచ్చి, పళ్ళెం అందుకుని, విచారణ మొదలుపెట్టింది. చెట్టు వయసెంత, యా నీళ్ళు తాగతాది, చెద ఏమైనా ఉండాదా. మామ అన్నిటికీ ఒదిగి జవాబు చెప్పాడు. చివరికి ఆమె అడిగింది.

"ఏమప్పా, మీకు దగ్గర్లో సంబంధాలే లేవా? ఇంత దూరం వచ్చినారు?"

మామ నా వైపు చూశాడు. మామ ఎదుట ఆ మాట చెప్పడం అదే మొదటిసారి. "దగ్గర చెట్లన్నీ ఒకే కుటుంబమవ్వా. వాటిలో వాటికి కలిపితే బిడ్డలు బలంగా రావు" అన్నాను.

"ఎంత దగ్గరయితే తప్పు?" అని అడిగింది ముసలావిడ కాదు, మామ.

"ఒక తల్లి పిల్లలూ, వాళ్ళ పిల్లలూ" అన్నాను కొబ్బరికాయ వైపు చూస్తూ. ఇంక అక్కడ నిలబడలేక బెల్టు కట్టుకుని చెట్టెక్కేశాను. పైనుంచి చూస్తే మామ కాఫీ చల్లారబెట్టుకుని తలెత్తి నన్నే చూస్తున్నాడు.

తిరుగుదారిలో మొగ్గల సంచి ఆయన ఒళ్ళో ఉంది. బంగారుపేట దాటాక వెనకనుంచి గొంతు వినిపించింది.

"పాపా, ఆ దూరం లెక్క మనుషులకు గూడా ఉండాదా?"

"ఉంది మామా." వెనక్కి తిరగలేదు. హెల్మెట్ ఉండటం ఎంత మేలో ఆరోజే తెలిసింది. "అయినా లెక్క కోసం కాదు మామా. బావను చూస్తే నాకు అన్నను చూసినట్టే ఉంటుంది."

మామ టేకల్‌లో దిగి, సంచి నా చేతికిచ్చి, పంచె దులుపుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తర్వాత అమ్మ నిప్పులు కక్కుతూ ఎదురొచ్చింది. తన అన్న నా సంబంధం వద్దన్నాడట. చెట్లెక్కి తిరిగే పిల్ల మా ఇంటికి పొసగదని ఊరంతా చెప్పాడట. పిన్ని ఫోన్‌లో ఆయన్ని పేరుపెట్టి తిట్టింది. అత్తలందరూ నా పక్షం చేరిపోయారు. పుట్టిన నాటినుంచి అంతమంది నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

వారానికి పుప్పొడి ఆరింది. మామ చెట్టు పూలకు సొంత పుప్పొడి తగలకుండా కేసరాలు ముందే కత్తిరించి సంచులు కట్టి ఉంచాను. వాటికి పుప్పొడి రాయడానికి వెళితే ఆయనే నిచ్చెన పట్టుకున్నాడు.

పైనుంచి అడిగాను. "నేను చెట్లెక్కుతానని నన్ను వద్దన్నావంట గదా మామా?"

"అవును."

"మరి ఇప్పుడు నిచ్చెన ఎందుకు పట్టుకున్నావు?"

ఆయన కిందికే చూస్తూ అన్నాడు. "ఆడపిల్ల ఒద్దనిందంటే పదిమంది పది రకాలుగా నిన్నంటారు. నేను ఒద్దంటే నన్నే గదా తిట్టేది. తిట్టనీ. నాకేం పోతాది?" మళ్ళీ తనే, "ఇంగ సరిగా రాయి. పుప్పొడి అంతా నా నెత్తిన పడతా ఉండాది" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. తడి తగిలితే పుప్పొడి పాడవుతుంది. అందుకని మొహం పక్కకు తిప్పుకుని, చూడకుండానే ఆ పువ్వుకు రాశాను.