గాలికి పరదాలు, గొంతుకు పచ్చిపులుసు

మా ఇంటికి నిప్పంటుకోలేదు, కప్పు కూలలేదు. అయినా ఒక చలికాలం మా ఇంట్లో మనిషికి మనిషి కనబడకుండా పోయాడు, పక్కింటావిడ వంట చేయకుండానే తుమ్మి తుమ్మి అలిసిపోయింది, మా అల్లుడు పట్టపగలు మా హాల్లో దారి తప్పాడు. ఈ ఘనకార్యమంతా నా ఒక్కడిదే. ఎవరి సాయమూ తీసుకోలేదు.

నేను బొగ్గుబావిలో గాలి చూసే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. లోపల పనిచేసేవాళ్ళకు మంచి గాలి అందాలి, చెడు గాలి బయటికి పోవాలి. అందుకోసం సొరంగాల్లో మందపాటి పరదాలు కట్టి గాలిని మేం చెప్పిన దారిన నడిపిస్తాం. బతుకంతా పదిమందికి గాలి పంచినవాడికి చివరికి తన గాలే కరువైంది. ఊపిరితిత్తుల జబ్బు. పూర్తిగా పోయేది కాదు, మచ్చిక చేసుకుని బతకాల్సిందేనని డాక్టరమ్మ చెప్పింది. స్నానాల గది నుంచి కుర్చీ దాకా వస్తే గోదావరి ఈది వచ్చినట్టుండేది. అయినా మచ్చిక చేసుకున్నాను. బావిలో గాలి లెక్కల డైరీ రాసినంత శ్రద్ధగా రోజూ మందు పీల్చాను.

అలాంటిది ఆ చలికాలం దగ్గు ఒక్కసారిగా తిరగబడింది. అదీ సరిగ్గా రాకూడని వేళ. మా మనవరాలు చిన్నికి బాసరలో అక్షరాభ్యాసం పెట్టుకున్నారు. "బాపు రాత ముత్యాల లెక్క ఉంటది, చిన్ని చెయ్యి బాపే పట్టి దిద్దియ్యాలె" అని మా అమ్మాయి ముందే మాట తీసుకుంది. నేను అప్పుడే కొత్త పంచె తీసి పెట్టుకున్నాను.

మా ఆవిడ రాజవ్వ ఆ పంచెను మళ్ళీ బీరువాలో పెట్టింది.

"గీ దగ్గుతోని ఏడికి పోతవయ్యా? గుడిల గంత మంది. నడుమ దమ్ము ఎగబోస్తే నేనెవల్ని పిలువాలె?"

"తగ్గుతది తీ. నువ్వు ఫికర్ జెయ్యకు."

"తగ్గితే పోదాం. తగ్గకుంటే నువ్వింట్ల, నేను నీ పక్కపొంటి. పిల్ల చెయ్యి వాళ్ళ నాయిన పడతడు."

అల్లుడి రాత నేను చూశాను. కోడి కాళ్ళకు సిరా పూసి కాగితం మీద తోలినట్టుంటుంది. పిల్ల భవిష్యత్తు నా ఊపిరి మీద ఆధారపడి ఉందని ఆ క్షణమే తేలిపోయింది.

పద్ధతిగా ఆలోచించాను. పాఠకులారా, నేను పద్ధతిగా ఆలోచించిన ప్రతిసారీ మా ఇంట్లో ఏదో ఒకటి పగులుతుంది. దగ్గు వస్తోందంటే గాలి చెడ్డదన్నమాట. గాలి ఎక్కడ చెడుతోంది? వంటింట్లో, ఎండుమిరపకాయల పోపులో. అంతే, పాత దుప్పట్లు, చద్దర్లు, ఆఖరికి మా ఆవిడ పట్టుచీరల మీద కప్పే బట్ట కూడా లాగి, వంటింటి నుంచి హాలు మీదుగా పెరటి కిటికీ దాకా రెండు వరుసల పరదాలు కట్టేశాను. కిటికీలో ఫ్యాను బిగించాను. చెడు గాలి పరదాల మధ్య నుంచి నడిచి ఫ్యానులోంచి బయటికి పోవాలి. పోయింది కూడా. బావిలో ఇంత చక్కటి పని చేసి ఉంటే నాకు మెడల్ ఇచ్చేవారు.

ఇల్లు మాత్రం చాకలిరేవులా తయారైంది.

మర్నాడు పొద్దున పక్కింటి శంకరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"అన్నా, నేనింక పొయ్యే ముట్టియ్యలే. మా ఇల్లంత మిరపకాయ ఘాటెట్లొచ్చె?"

నాకు గర్వం ఆగలేదు. "అంటే గాలి నేననుకున్న తొవ్వలనే పోతున్నదన్నట్టు!"

"ఏ తొవ్వల?"

"గా కిటికీలకెల్లి బయటికి."

"గా కిటికీకి ఎదురుంగున్నది మా దేవునర్రనే గదన్నా! దేవునికి దీపం పెడుదునా, తుమ్ముదునా? మా ఇల్లేమన్న నీ బావికి పొగగొట్టమా?"

లోపలి నుంచి రాజవ్వ గొంతు వినిపించింది. "జర గట్టిగడుగు వదినే! నేనడిగితే ఈయినకు ఇనబడదు!"

ఆదివారం అమ్మాయి, అల్లుడు, చిన్ని వచ్చారు. అల్లుడు మంచినీళ్ళ కోసమని లేచి పరదాల మధ్యలోకి వెళ్ళాడు. కాసేపటికి, "అత్తమ్మా, వంటిల్లు ఎటు దిక్కున్నది?" అని దుప్పటి వెనక నుంచి దీనంగా అడిగాడు. చిన్నికి మాత్రం ఇల్లు తెగ నచ్చింది. దాగుడుమూతలకు ఇంతకంటే మంచి ఇల్లు జిల్లాలోనే లేదంది.

ఇంత జరిగినా దగ్గు తగ్గిందా? తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో ఆ మధ్యాహ్నం భోజనం దగ్గరే తేలాల్సింది, కాని నాకు తట్టలేదు. ముద్దపప్పు, దాంట్లోకి పచ్చిపులుసు. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిరప వేసిన ఆ పులుసంటే నాకు ప్రాణం. పైగా పులుపు కఫాన్ని కోస్తుందని నా సొంత సిద్ధాంతం. దగ్గు పెరిగినకొద్దీ మందులాగా పులుసు పెంచుతూ వచ్చాను. కలుపుకున్నది చాలక చెంబెత్తి తాగి, తృప్తిగా త్రేన్చి, వెంటనే మంచమెక్కి వెల్లకిలా పడుకున్నాను.

కన్ను మూతబడిందో లేదో గుండెల్లోంచి మంట గొంతులోకి ఎగదన్నింది. నోరంతా పులుపు. దగ్గు మొదలై ఆగలేదు. ఊపిరి లోపలికి రావడానికి ఒప్పుకోలేదు. రాజవ్వ నన్ను లేపి కూర్చోబెట్టి, మందు నోటికందించి, వీపు నిమురుతూ ఉండిపోయింది. అప్పటిదాకా నన్ను తిట్టిన మనిషి ఒక్క మాటా అనలేదు. నాకు దగ్గు కంటే ఆ మౌనానికే ఎక్కువ భయం వేసింది.

అల్లుడు కారు తీశాడు.

ఆస్పత్రిలో కాస్త ఊపిరి కుదుటపడగానే డాక్టరమ్మకు నేను వంటింటి నుంచి కిటికీ దాకా గాలి నడక మొత్తం వివరించాను. ఆమె ఓపికగా వింది.

"గాలి సంగతి సమజైంది పెద్దాయనా. తిండి సంగతి చెప్పుండ్రి. ఇయ్యాల ఏం తిన్నరు?"

"మామూలే మేడం. జర పచ్చిపులుసు..."

"జర కాదు మేడం, చెంబెడు!" అంది రాజవ్వ. మౌనం ముగిసింది. నా ప్రాణం కుదుటపడింది. "తాగుడు, పండుడు, దగ్గుడు. దగ్గుకుంట లేసి నా పోపును తిట్టుడు!"

"పులుపు కఫాన్ని కోస్తదని..." అని నసిగాను.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "కడుపులున్న పులుపే పైకి తన్ని గొంతులకొస్తున్నది. అసలే అలిసిన ఊపిరితిత్తులు, దాని మీద ఇదొకటి. పొగ పడదు, నిజమే. కాని మీ ఇంట్ల పొగ కన్న మీ చెంబే ఎక్కువ పని జేసింది."

పీల్చే మందు మానొద్దంది. కడుపుకు వేరే మాత్రలు రాసింది. కొంచెం కొంచెం తినాలి, తిన్న వెంటనే నడుం వాల్చకూడదు, మంచం తలవైపు కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసుకోవాలి అంది. ఇటుకలు, ఎత్తు, వాలు అన్న మాటలు వినగానే నా కళ్ళు మెరిశాయట.

"నువ్వు ముట్టకు. ఇటుకలు నేనే పెడత," అంది రాజవ్వ.

పరదాలూ ఆమే విప్పింది. శంకరమ్మ వచ్చి మడతపెట్టింది. ఇద్దరూ కలిసి నన్ను తలుచుకుని నవ్వుకున్నంత సేపూ నేను పప్పన్నం మాత్రం తిని, కుర్చీలో స్తంభంలా కూర్చున్నాను. రోజులు గడిచేకొద్దీ మంట తగ్గింది, మంట వెనకే దగ్గూ తగ్గుముఖం పట్టింది. ఒకనాడు పొద్దున చూస్తే కొత్త పంచె ఇస్త్రీ అయి కుర్చీ మీద ఉంది.

బాసరలో మెట్టు మెట్టుకూ ఆగి, ఆయాసం తీర్చుకుంటూ వెళ్ళాను. చిన్ని నా ఒళ్ళో కూర్చుంది. దాని చెయ్యి పట్టి పళ్ళెంలోని బియ్యంలో అక్షరాలు దిద్దించాను. ఒక్కసారి కూడా దగ్గలేదు. పంతులుగారు పళ్ళెం తీయబోతుంటే రాజవ్వ అడ్డుపడింది.

"అయ్యగారూ, జర ఆగుండ్రి. ఈయినకు గూడ దిద్దియ్యిండ్రి. గింత వయసొచ్చినా కడుపేదో, గాలేదో ఎరుక లేదు."

వెనక వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. పంతులుగారు నవ్వుతూనే నా వేలు పట్టుకున్నారు. ఏళ్ళ తరబడి డైరీలు రాసిన నా చెయ్యి, మనవరాలి పక్కన, మళ్ళీ మొదటి అక్షరం దిద్దింది. "తాతా, నాదే మంచిగున్నది," అని చిన్ని తేల్చేసింది.

బయటికొచ్చాక దొన్నెలో పులిహోర ప్రసాదం ఇచ్చారు. చింతపండు పులిహోర. నలుగురూ నా వైపే చూశారు. కళ్ళకద్దుకుని, రెండు మెతుకులు నోట్లో వేసుకుని, దొన్నె అల్లుడి చేతికిచ్చాను. గోదావరి సాక్షిగా ఇకమీదట కడుపు చేసిన నేరాన్ని గాలి మీద మోపనని, కఫం కోసే పనికి పచ్చిపులుసును పిలవనని, మా ఆవిడ చద్దర్ల జోలికి పోనని అక్కడే ప్రతిజ్ఞ చేశాను. పడుకుని కాదు. నిటారుగా కూర్చునే.