దగ్గితే వచ్చే నడుము నొప్పి

మా చెల్లె గర్భసంచి తీయించాలని చెల్లె తప్ప అందరూ నిర్ణయించారు. ఆమె భర్త, మా మరిది, నిర్ణయించాడు, ఆమె అత్త నిర్ణయించింది, చందూర్ పక్కన వాళ్ల పల్లెలో సూదులు వేసే డాక్టరు మొదటి రోజే నిర్ణయించాడు. ఆ వాడకట్టులో చాలామంది ఆడవాళ్లు తీయించుకున్నవాళ్లే. "ఇంక ఉంచుకున్నవా? పిల్లలైపాయె. ఏం జేసుకుంటవే దాన్ని?" అని, మూలన పడ్డ పాత కూలర్ గురించి అడిగినట్టు అడిగేవారు.

ఇంతకీ జబ్బేమిటంటే నడుము నొప్పి అనేవాడు మరిది. మా కుటుంబాల్లో ఆడవాళ్లకు మెడ కింద నుంచి మోకాళ్ల దాకా వచ్చేవన్నీ నడుము నొప్పులే. నెలసరి తప్పినా, తెల్లబట్ట అయినా, మూత్రంలో మంట పుట్టినా నడుమే. పాపం నడుము, ఎవరి తప్పులైనా మోస్తుంది.

రిటైరైన లెక్కల టీచర్ని. రోజూ డైరీ రాస్తాను. ఏది ఎప్పుడు మొదలైందో తెలియకపోతే నాకు నిద్ర పట్టదు. చెల్లెను అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "ఉండనీయే అక్కా" అన్నది. పెళ్లిళ్లకు రావడం మానేసింది. బస్సెక్కమంటే భయపడేది. అది ఏ నడుముకూ కుదిరే లెక్క కాదు. కోసే ముందు నిజామాబాద్‌లో ఒక లేడీ డాక్టరుకు చూపిద్దామని పట్టుబట్టాను.

"నీకెందుకు వదినే గీ లొల్లి? గంట పని" అన్నాడు మరిది.

"అయితే నువ్వు తీయించుకో."

"నాకేడుంటది?"

"లేనోడివి, మస్తు తెలిసినట్టు మాట్లాడుతున్నవు గద!"

నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఏ ఆసుపత్రిలోనైనా చూడండి. చీటీ భార్య పేరు మీద ఉంటుంది, నోరు మాత్రం భర్తదే. ఇక్కడా అంతే. డాక్టరమ్మ చెల్లెను చూస్తూ "ఏమవుతున్నదమ్మా?" అని అడిగింది.

"నడుము నొప్పి మేడం. గర్భసంచి ఖరాబైంది, తీసేయుండ్రి" అన్నాడు మరిది.

"ఖరాబంటే ఏమైంది?"

"అంటే... లోపట."

"లోపల ఏమైంది?"

ట్రాక్టరు చప్పుడు విని ఏ భాగం అరిగిందో చెప్పగల మనిషి. ఆ రోజు మాత్రం సీలింగ్ ఫ్యానును పరీక్షించడం మొదలుపెట్టాడు.

"నెలసరి సరిగ్గా వస్తున్నదా?" డాక్టరమ్మ ఈసారి అతన్నే అడిగింది.

"నాకా?"

"జవాబులన్నీ మీరే చెప్తున్నరు గద!"

నర్సు మొహం తిప్పుకుని నవ్వింది. మరిది బయటికి నడిచాడు.

తలుపు మూశాక చెల్లె కుర్చీని డాక్టరమ్మ దగ్గరికి జరుపుకుంది. తర్వాత ఒక్కసారిగా అన్నది: "దగ్గితే మూత్రం పడుతది మేడం. తుమ్మినా పడుతది. నలుగురున్నకాడ నవ్వుడే బంద్ జేసిన."

డాక్టరమ్మ పరీక్ష చేసింది, స్కానింగ్ తీయించింది. గర్భసంచికి ఏ లోపమూ లేదు. కాన్పుల తర్వాత మూత్రాన్ని ఆపే కండరాలు వదులయ్యాయి. గర్భసంచి తీస్తే ఇది తగ్గదనీ, ముందు ఆ కండరాలను బిగించి వదిలే వ్యాయామం రోజూ చేయాలనీ చెప్పి, చేయించి చూపించింది. అంటే ఊరంతా కలిసి తీయించబోయింది, ఆమె ఒంట్లో సరిగ్గా ఉన్నదాన్ని.

బయట బెంచీ మీద మరిది లేచి నిలబడ్డాడు. "ఆపరేషన్ ఎప్పుడంట?"

"లేదంట. గర్భసంచి మంచిగున్నది. మూత్రం ఆపే కండలు వదులైనయంట" అన్నది చెల్లె.

"మెల్లగనరాదే, మంది ఇంటరు."

"ఇననీ. నా గర్భసంచి ముచ్చట ఊరంత పెట్టినప్పుడు ఇనొద్దనలేదు గద!"

మరిది ఫోను తీసి పల్లె డాక్టరుకు కలిపాడు. "ఆపరేషన్ వద్దు" అన్నాడు. ఎందుకని అటునుంచి అడిగినట్టున్నాడు. మరిది ఫోను నా వైపు చాపాడు. నేను అందుకోలేదు.

ఫోను చెల్లె చేతిలో పెట్టి, "నువ్వే చెప్పు" అన్నాడు.