బావిలో విడిచిన తూటాలు

నా చిన్నప్పుడు ఎన్నికలు వస్తున్నాయంటే మా ఇంట్లో మొదట తాతయ్య తుపాకీ మాట వచ్చేది. వేలూరు దగ్గర మోర్ధానా అడవి కింద మా వేరుశనగ చేనికి అడవి పందుల బెడద. అందుకని లైసెన్సు తుపాకీ ఉండేది. ఓట్లు ముగిసేదాకా దాన్ని స్టేషన్‌లో అప్పగించాలి. ఒకసారి, చూపు తగ్గిందని తాతయ్య దాన్ని ఇక వద్దనే ఇచ్చేసి వచ్చాడు.

తీరా చూస్తే పెట్టె అడుగున పాత తూటాలు మిగిలాయి. చిలుము పట్టి పనికిరానివి. నాన్న వాటినీ స్టేషన్‌లోనే ఇచ్చేయమన్నాడు. ఇన్నాళ్ళు ఎందుకు దాచావని అడుగుతారేమోనని తాతయ్యకు భయం. కుప్పలో పారేద్దామంటే ఏటా ఆయుధపూజకు పసుపు కుంకుమ పెట్టినవాయె. మా ఇళ్ళలో పూజ చేసిన వస్తువు పాతబడితే నీళ్ళలోనే విడుస్తారు.

"గంగమ్మకు ఇచ్చేస్తే ఎవురికీ చెడుపు ఉండదు," అని చేని బావిలో విడిచాడు. పక్కన నిలబడి నేనూ దండం పెట్టాను.

మరుసటి ఎండాకాలం బావి పూడిక తీశారు. ఏటా ఆ పనికి వచ్చే ఊరి మనిషిని నేను మామా అని పిలిచేదాన్ని. వచ్చినప్పుడల్లా నాకు ఈతపండ్లు తెచ్చేవాడు. గట్టు మీద ఆరిన బురదలోంచి చెత్తా నాచూ లాగి ఆయన మంట పెట్టాడు. ఆ చెత్తలో చిక్కుకున్న తూటాలు నానినా అన్నీ చావలేదు. మోత విని మేం పరుగెత్తేసరికి మామ చేత్తో కన్ను మూసుకుని కూర్చుని ఉన్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది. వేలూరు ఆసుపత్రికి తీసుకుపోతే కన్ను పోయిందన్నారు.

తాతయ్య తానే స్టేషన్‌కు పోయి అంతా చెప్పుకున్నాడు. వాళ్ళు మనుషులతో వచ్చి బావీ గట్టూ వెదికి, దొరికినవి జాగ్రత్తగా పట్టుకుపోయారు. అధికారి కేకలైనా వేయలేదు. తుపాకీతో పాటే తెచ్చి ఉంటే మేమే తీసుకుని పద్ధతిగా నాశనం చేయించేవాళ్ళం కదా పెద్దాయనా అని తమిళంలో అన్నాడట. అంతే పని. ఆ మాటతో తాతయ్య మంచం పట్టాడు. ఆ బావి నీళ్ళు తాగడానికి మళ్ళీ ఎవరికీ మనసొప్పలేదు.

కట్టు విప్పాక మామే చూడవచ్చాడు. "మీరు తెలిసి చేసినారా పెద్దాయనా, ఏడవద్దండి," అన్నాడు.

తాతయ్య గోడవైపు తిరిగాడు. "అడిగేదానికి జంకితిని నాయనా. నా జంకుకు నీ కన్ను పాయె."

నాకిప్పుడు తాతయ్య వయసు. గడువు తీరిన మాత్రలైనా, చచ్చిన బ్యాటరీ అయినా, యాడ ఇవ్వాలో నలుగురిని అడిగి కానీ వదలను. పిల్లలు చాదస్తం అంటారు. అననీ. దీనివల్ల మామకు కన్ను రాదని నాకూ తెలుసు.