ఆముదం పట్టించిన బ్రేకు

ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఏళ్ళు గడిచిపోయాయి. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. నా భార్య బతికున్నంతకాలం ఆమెకు చెప్పలేదు. మా సంఘపు పాస్టరుగారికీ చెప్పలేదు. ప్రతి ఆదివారం అందరితోపాటు నిలబడి, తెలిసి చేసిన పాపాలూ తెలియక చేసిన పాపాలూ క్షమించమని గట్టిగానే ప్రార్థిస్తాను. అందరి పాపాల్లో కలిపేస్తే నాది విడిగా వినబడదు కదా. మీ పేరు నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. అందుకే మీకు చెప్పే ధైర్యం వచ్చింది. మధ్యలో నసిగితే ఓపిక పట్టండి. నసగడం నాకు బాగా అలవాటైపోయింది.

ఏజెన్సీలో తెల్లవాళ్ళ మీద లేచిన పితూరీ అణిగిపోయినా, కొండ ఊళ్ళలో పోలీసుల బూట్ల చప్పుడు ఇంకా ఆగని రోజులు. అనంతగిరి దగ్గర ఒక కాఫీ తోట దొర బంగళాలో నేను మోటారు పనివాణ్ణి. మా నాన్న చెప్పులు కుట్టేవాడు. నన్ను మిషన్ బడిలో చేర్పిస్తే అక్కడ కమ్మరం నేర్పారు. తోలు పని, ఇనప పని రెండూ వచ్చినవాడు దొరికాడని దొర నన్ను వెంటబెట్టుకుని కొండెక్కించాడు.

దొరకు ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన చిన్న పందెపు కారు ఉండేది. ఇద్దరికే చోటు. ఆకుపచ్చ రంగు, పొడుగాటి ముక్కు, ఆ ముక్కు మూత ఎగిరిపోకుండా అడ్డంగా తోలు బెల్టు. ఉన్న బండిని ఉన్నట్టు వాడుకోవడం ఆయన జాతకంలో లేదు. బంగళా వెనక పాత గుర్రపుశాలలో ఇద్దరం చేరి దాన్ని విప్పడం, బిగించడం, మళ్ళీ విప్పడం. బరువు తగ్గాలని టాపు పీకించాడు. మడ్‌గార్డులు తీయించాడు. సీటు కింది ఇనప పట్టీలకు బెజ్జాలు వేయించాడు. వేగం పెరగాలని ఇంజను తల విప్పి, దాని అడుగు నా చేత అరగదీయించాడు. గతుకుల్లో ఎగిరిపడకుండా కమానులకు తాడు బిగించి చుట్టాలన్నాడు. ఇంగ్లండులో ఏ తాడు చుడతారో తెలియదు గానీ మాకు దొరికింది అడ్డాకుల తీగ నుంచి తీసే అడ్డనార. కింది ఊరి బుద్రు ఆ నార పేని తెచ్చిచ్చాడు. ఎన్ని వానలకు తడిసినా ఆ కట్టు సడలలేదు. బుద్రు భార్య సుక్రి మా తోటలోనే కాఫీ పళ్ళు కోసేది. వాళ్ళకు నడక నేర్చిన ఒక ఆడపిల్ల.

నాకు ఆ బండి అంటే ప్రాణం. ఈ మాట సిగ్గుపడుతూనే రాస్తున్నాను. మనుషుల మీద పెట్టాల్సిన ప్రేమ దాని మీద పెట్టాను.

ఆ బండి క్లచ్చికి తోలు పట్టీ ఉండేది. తోలు ఎండిపోతే బండి కదిలేటప్పుడు నడుములు విరిగేలా కుదిపేది. దానికి కాస్త ఆముదం పట్టిస్తే మెత్తగా పట్టుకుంటుందని దొర నాకు చూపించాడు. నాకు నవ్వొచ్చింది. తోలుకి ఆముదం పట్టించాలని మా ఇంట్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

తర్వాత బ్రేకులు అరిగిపోయాయి. బ్రేకులు వెనక చక్రాలకే ఉండేవి. చేతి బ్రేకు కూడా వాటి మీదే పనిచేసేది. మద్రాసు నుంచి రావలసిన పట్టీలు ఎంతకీ రాలేదు. కాఫీ పళ్ళ తొక్క తీసే మిషను పాత తోలు బెల్టు కోసి, రాగి రివెట్లు కొట్టి నేనే పట్టీలు చేశాను. బండి బాగానే ఆగేది. కానీ ఆగేటప్పుడు కీచుమని అరిచేది. ఆ అరుపు వినలేక దొర పళ్ళు నూరేవాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు. ఒకరోజు దొర తోటలోకి వెళ్ళినప్పుడు, చక్రాలు విప్పి, ఆ బ్రేకు తోలుకి కూడా ఆముదం పట్టించేశాను.

క్లచ్చి పని పట్టుకోవడం, బ్రేకు పనీ పట్టుకోవడమే, రెండిటికీ ఒకటే వైద్యం అనుకున్నాను. క్లచ్చి ఒక్క క్షణం రాసుకుని అతుక్కుంటుంది. బ్రేకు అలా కాదు, ఘాటు రోడ్డు పొడుగునా రాసుకుంటూనే ఉంటుంది, కాగుతుంది, కాగిన తోలులోంచి నూనె ఊరుతుంది. తెలియక చేసినదాంట్లో పాపమేముంది అని మీరు అనబోతున్నారు. ఆగండి. నాకు తెలిసింది.

పండగకు ముందురోజు సాయంత్రం బండిని నేనొక్కణ్ణే మిషను షెడ్డు దగ్గరి పల్లంలోకి దించి చూశాను. బ్రేకు తొక్కాను. ఆగాల్సిన చోట ఆగలేదు. జారుకుంటూ వెళ్ళి ఖాళీ గంపలకు కొట్టుకుని ఆగింది. గంపలు మళ్ళీ వరసగా పేర్చాను. కొత్తగా నూనె తాగిన తోలు, కుదురుకోవాలి అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, అనుకోవాలనుకున్నానా? దొర వచ్చి, తానే నడిపి ఒక చుట్టు తిప్పి, కీచు పోయిందని నా భుజం తట్టాడు. బంగళా ముందరి చదును నేల మీద బండి బాగానే ఆగింది. ఆ భుజం తట్టడం కోసం నోరు మూసుకున్నాను. ఇంతకంటే గొప్ప కారణం ఉంటే బాగుండేది. లేదు.

మర్నాడు ఇటుకల పండగ. ఆ కొండల మీద చైత్రంలో చేసే ఆ పండగకు మగవాళ్ళంతా వేటకు పోతారు. వట్టి చేతులతో వచ్చినవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఆటపట్టిస్తారు. మగవాళ్ళు లేనప్పుడు ఊరి ఆడవాళ్ళు దారికి అడ్డంగా వెదురు కర్ర ఎత్తి పట్టుకుని, వచ్చేపోయేవాళ్ళను ఆపి, పాట పాడి, పండగ డబ్బులు అడుగుతారు. ఇవ్వకపోతే కదలనివ్వరు. దొర ప్రతి ఏడూ ఆగేవాడు, నవ్వేవాడు, ఇచ్చేవాడు. ఆయన బండి ఆగుతుందని ఆ ఆడవాళ్ళకు తెల్లారుతుందన్నంత నమ్మకం.

ఆ ఉదయం శృంగవరపుకోటకు, అంటే మా కోటకు, దిగుతున్నాం. దొర నడుపుతున్నాడు, నేను పక్కన. ఘాటు దిగుతుంటే కాలుతున్న తోలు వాసన మొదలైంది. నాకు ఆ వాసన తెలుసు. దొరకు తెలియదు. "ఆపండి" అనొచ్చు. ఈ వంపు దాటాక చెబుదాం, ఆ వంపు దాటాక చెబుదాం అనుకుంటూ కూర్చున్నాను. వంపు తిరిగేసరికి ఎదురుగా కర్ర, పూలు పెట్టుకున్న ఆడవాళ్ళు, పాట. దొర బ్రేకు తొక్కాడు. చేతి బ్రేకు లాగాడు. బండి వాళ్ళ మీదికి వెళుతూనే ఉంది. మిగతావాళ్ళు కర్ర వదిలేసి పక్కకు దూకారు. సుక్రి వదల్లేదు.

కర్ర విరిగింది. సుక్రి కాలు చక్రం కింద నలిగింది. బండి గట్టుకు కొట్టుకుని ఆగింది. మగవాళ్ళెవరూ లేకపోతే ఆడవాళ్ళే డోలీ కట్టి ఆమెను మోశారు. దొర కూడా ఒక పక్క భుజం పట్టి కోట ఆసుపత్రిదాకా వెళ్ళాడు. బండి దగ్గర నన్ను ఉండమన్నాడు.

అసలు తప్పు ఇక్కడుంది. ఇప్పటిదాకా చెప్పింది దీనికి దారి మాత్రమే. వాళ్ళు వంపు తిరిగి కనబడకుండా పోగానే నేను చక్రాలు విప్పాను. పట్టీలు ఊడదీసి పెట్రోలుతో కడిగాను. పుల్లలు ఏరి మంట వేసి కాచాను, బూడిదతో రుద్దాను, నూనె జాడ లేకుండా తుడిచి మళ్ళీ బిగించాను. ఒక్క మర కూడా వంకర పోలేదు. రోడ్డు మీద ఆమె నెత్తురు ఆరిపోతోంది, నేను పని చేసుకుంటున్నాను.

పోలీసులు వచ్చారు. దారికి అడ్డం కర్ర కట్టి దొర బండిని ఆపారు అనే మాట ఆ రోజుల్లో వాళ్ళ చెవికి పండగలా వినబడలేదు, పితూరీలా వినబడింది. బ్రేకు తొక్కాను, పట్టలేదు అని దొర చెప్పాడు. ఇన్‌స్పెక్టరు బండి నడిపించి చూశాడు. టక్కున ఆగింది, కీచుమని అరుస్తూ ఆగింది. ఆ అరుపు వినగానే నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. దేవుడా, నేను సంతోషించాను. బ్రేకు బాగుండేదా అని నన్ను అడిగాడు. బాగుండేదండి అన్నాను. తన కాలే తడబడిందేమోనని దొర నసిగాడు. అది కాగితం మీదికి ఎక్కలేదు. కర్ర ఆలస్యంగా, కావాలని ఎత్తారన్నది ఎక్కింది.

వేట నుంచి వచ్చిన బుద్రు, ఆడవాళ్ళను వదిలేయండి, వెదురు నరికిచ్చింది నేనే అన్నాడు. అతన్ని విశాఖపట్నం జైలుకు పంపారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు సుక్రిని చూడ్డానికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ అర్థంకాదు. ఆమె అరుగు మీద కాలు చాపుకుని కూర్చుంది. కూర్చోమంది. కూర్చున్నాక అడిగింది.

"బావూ, నువ్వు బండిలోనే ఉన్నావు గదా. నిజం సెప్పు. నాను కర్ర ఆలిస్యంగా ఎత్తినానేటి?"

నేను ఆమె కాలి కట్టు వైపు చూశాను.

"బేగి ఎత్తుంతే బండి ఆగీదా?"

"ఆగీదేమో, సుక్రీ."

ఆమె తల ఊపింది. "అయితే మావోడిని జేలుకి అంపింది నానే."

కాదు అనడానికి నాకు నోరుంది. అప్పటికి బుద్రు ప్రాణాలతో ఉన్నాడు. నేను కొండ దిగి ఇన్‌స్పెక్టరుకు ఒక్క ముక్క చెబితే తిరిగొచ్చేవాడు. ఉద్యోగం పోతుందని భయపడ్డానా? జైలుకా? రెండూ. అంతకంటే ఎక్కువగా, దొర ముఖంలో నా పనితనం మీద ఉన్న నమ్మకం చెదిరిపోతుందని భయపడ్డాను. వానలు పడేలోగా బుద్రు జైల్లోనే జ్వరంతో పోయాడని కబురొచ్చింది. ఆ ఊళ్ళో మళ్ళీ రోడ్డు మీద కర్ర ఎత్తనివ్వలేదు. పండగ చెడగొట్టిందని తోటి ఆడవాళ్ళు సుక్రిని పండగ ఆటపాటలకు పిలవడం మానేశారు. ఆ కాలితో ఎలాగూ ఆడలేదు, కానీ పిలవడం కూడా మానేశారు.

దొర బండి అమ్ముకుని వెళ్ళిపోయాడు. నేను కోటలో షెడ్డు పెట్టుకున్నాను. చుట్టుపక్కల బ్రేకు పనంటే నా దగ్గరికే వస్తారు. ప్రతి బండినీ నేనే ఘాటు దింపి చూసిగానీ ఇవ్వను. శ్రద్ధ అని మెచ్చుకుంటారు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం అది, ఎవరికీ తెలియదు. ఇప్పటికీ షెడ్డు ముందు ఎవరైనా కొండ మనిషి నిలబడితే బండి కిందికి దూరిపోతాను.

మొన్న నిజంగానే ఒకామె నిలబడింది. సుక్రి కూతురట. చీపుళ్ళు అమ్ముకోవడానికి కోట సంతకు వచ్చింది. వాళ్ళమ్మ పోయిందని, తెలిసినవాణ్ణి కదా అని, చెప్పిపోదామని వచ్చింది. "సచ్చీముందు కూడా మీ అయ్యని నానే సంపుకున్నానని ఒకటే ఏడుపు, బావూ" అంది. నేను ఏం చేశానో తెలుసా? టీ తెప్పించాను. ఆమె తాగి, దండం పెట్టి, చీపుళ్ళ కట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. దండం కూడా పెట్టించుకున్నాను.

చెప్పాల్సిన మనిషి ఇక వినదు. వచ్చే సంతకు ఆ కూతురు మళ్ళీ వస్తుంది. నా నోరు నాకు తెలుసు. మళ్ళీ టీ తెప్పిస్తుంది. అందుకని ముందు మీ దగ్గర చెప్పి చూసుకుంటున్నాను, మాట బయటికి వస్తుందో లేదో.

సుక్రి కర్ర వేళకే ఎత్తింది. బండిని ఆగకుండా చేసింది నేను. ఆమె అడిగితే అబద్ధం చెప్పింది నేను. బుద్రుని జైలుకు పంపింది ఆమె కాదు, నేను.

వచ్చింది. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, ఆ పని మీది కాదు. గొంతు మాత్రం కాస్త తెరుచుకుంది.