బోర్డు అయ్యేదాక ఆగు మామా

నాకు మతి చెడిన ఏడాది మా బాయి మీద ఒక్కరూ నమ్మలేదు. గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడు పిచ్చిగా ప్రవర్తిస్తే జనం ముందు అడిగేది ఒకటే: "కొడుకు కోసమా, అల్లుని కోసమా?" మెడికల్ బోర్డు అన్‌ఫిట్ రాస్తే ఆ నౌకరి ఇంట్లో ఇంకొకరికి వస్తుంది మరి. నాకు కొడుకుల్లేరు. కాబట్టి అల్లుడి కోసం నాటకమాడుతున్నానని తేల్చేశారు.

నాటకమట! చేతులు వణికి టిఫిన్ డబ్బా మూత పెట్టలేకపోయేవాణ్ని. ఎంత తిన్నా చిక్కిపోయాను. కంటి మీద కునుకు లేదు. నా భార్య చారులో ఏదో కలుపుతోందని గిన్నె విసిరికొట్టాను. ఆమె నుదుటి మీద మచ్చ ఇప్పటికీ ఉంది.

అన్‌ఫిట్ కోసం బోర్డుకు పెట్టే దరఖాస్తు అల్లుడే తెచ్చాడు. ఆ మతిలో సంతకం పెట్టేశాను. నా భార్య మాత్రం ఊరుకోలేదు, కరీంనగర్ దవాఖానకు లాక్కెళ్లింది. డాక్టరమ్మ నా ఉబ్బిన కళ్లు చూసింది, గొంతు తడిమింది, రక్తపరీక్ష చేయించింది.

"పిచ్చి కాదు, థైరాయిడ్ ఎక్కువైంది. గోలీలు మానకుండ వేస్తే తగ్గుతది" అంది. నా భార్య బెంచీ మీద కూలబడి ఏడ్చింది.

ఆ సాయంత్రమే అల్లుడు వచ్చాడు. గోలీలు చూసి, తలుపు దగ్గరగా వేసి, "మామా, బోర్డు అయ్యేదాక ఇవి వెయ్యకు. గిన్ని దినాలు ఆగినవ్, ఇంకో మూడు నెలలు ఆగలేవా? నౌకరి వచ్చినంక నిన్ను నేను సూస్కోనా?" అన్నాడు.

మూడు నెలలు నేను పిచ్చివాడిగానే ఉండాలట! నా ఒళ్లు భగ్గుమంది. ఆ కోపం మాత్రం రోగం కాదు. వాడి కళ్లెదుటే గోలీ మింగాను. ఆ తర్వాత వాడు వచ్చే వేళ చూసుకునే మందు వేసుకున్నాను.

బోర్డులో చేతులు చాపమన్నారు. చాపాను. ఒక్క వేలు కూడా వణకలేదు.

బయట అల్లుడు ఎదురొచ్చి "ఏమాయె మామా?" అన్నాడు.

"ఫిట్. రేపు ఫస్టు షిఫ్టుకు పోతున్న" అన్నాను. వాడి ముఖంలో నెత్తురుచుక్క లేదు. అది చూసి నా కడుపు చల్లబడింది.

ఆనాటి నుంచి బిడ్డ మా గడప తొక్కలేదు. "నా మొగని నోటికాడి బుక్క గుంజుకున్నడు" అందట. బాధ లేదనను. కానీ ఆ బుక్క నా మతి, బిడ్డా. రిటైరయ్యేదాకా ఒక్క రోజు మస్టరు, ఒక్క హాజరు కూడా పోనివ్వను.